పైరేట్స్ అభిమానిగా ఉండటం: ఎక్కడ నవ్వుకోవాలి, ఎక్కడ కోపం తెచ్చుకోవాలి

చదువు కోసం అమెరికాలోని పిట్స్‌బర్గ్ వచ్చి ఇక్కడే ఉద్యోగంలో కుదురుకున్న మీరు, రెండు వేసవులుగా ఈ ఊరి జట్టు పైరేట్స్ బేస్‌బాల్ ఆటలు చూస్తున్నానని, చూసినవాటిలో సగానికి పైగా ఓటములేనని రాశారు. ఈ జట్టు ఏటా ఎందుకిలా ఓడిపోతుంది, ఓడుతుందని తెలిసి కూడా ఇంతమంది నవ్వుకుంటూ మైదానానికి ఎలా వస్తారు, న్యూయార్క్ నుంచి వచ్చిన మీ సహోద్యోగి చెప్పినట్టు ఆ ఊరి జట్టు యాంకీస్ పక్షానికి మారిపోతే తప్పేమిటి అని అడిగారు. ఈ జట్టు వరసగా ఇరవై సీజన్లు ఓడిన కాలంలో ఎక్కువ భాగాన్ని ఈ ఊళ్లోనే ఉండి చూసినవాడిగా నాకు తెలిసింది వివరంగా చెబుతాను. నేను చెప్పబోయేదంతా ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది. మైదానంలో ఆటగాళ్లు చేసే పొరపాట్లు నవ్వుకోవడానికి. కార్యాలయంలో కూర్చుని జట్టును నడిపేవాళ్లు తీసుకునే నిర్ణయాలు కోపగించుకోవడానికి. ఈ రెండింటినీ కలగలిపి ప్రతి ఓటమికీ ఆటగాళ్లను తిట్టుకునేవాళ్లు నాలుగు సీజన్లు తిరక్కుండానే విసిగిపోయి ఆట చూడటం మానేయడం నేను చాలాసార్లు చూశాను.

ముందుగా బేస్‌బాల్‌లో ఓటమికి ఉన్న కొలత వేరని గుర్తుంచుకోవాలి. ఐపీఎల్‌లో ఒక్కో జట్టు లీగ్ దశలో 14 మ్యాచ్‌లు ఆడుతుంది. అక్కడ వరసగా ఐదు ఓడితే సీజన్ దాదాపు చేజారినట్టే. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్కో జట్టు ఆరు నెలల్లో 162 ఆటలు, అంటే ఇంచుమించు ప్రతిరోజూ ఒకటి ఆడుతుంది. సాధారణంగా గొప్ప జట్టైనా యాభై అరవై ఓడుతుంది, బలహీనమైన జట్టైనా యాభై అరవై గెలుస్తుంది. 2021లో 101 ఆటలు ఓడిన పైరేట్స్ 61 గెలిచారు, 2010లో 105 ఓడినప్పుడు కూడా 57 గెలిచారు. 2024లో 121 ఓటములతో ఆధునిక కాలంలో ఎవరూ చేరని అడుగుకు చేరిన షికాగో వైట్ సాక్స్ కూడా 41 సార్లు గెలిచింది. కాబట్టి ఓడే జట్టు మనల్ని ఒక్కసారిగా నిరాశపరచి వదిలెయ్యదు. మూడు రోజులకొకసారి గెలిచి చూపిస్తుంది, గెలిచిన రాత్రి ఇక్కడివాళ్లు ఇంటి ముందు జాలీ రోజర్ అనే సముద్రపు దొంగల నల్ల జెండా ఎగరేస్తారు, మర్నాడు సాయంత్రం మళ్లీ అదే ఆశతో కూర్చుంటారు. ఈ అభిమానంలో ఉన్న బాధంతా ఆ మూడో రోజు గెలుపు వల్ల వచ్చేదే.

ఈ జట్టు మొదటి నుంచీ ఇలా లేదు. 1909, 1925, 1960, 1971, 1979 సంవత్సరాల్లో ఐదుసార్లు, లీగ్ విజేతను తేల్చే చివరి పోరైన వరల్డ్ సిరీస్ గెలిచింది. 1990 నుంచి 1992 వరకు వరసగా మూడేళ్లు తన డివిజన్‌లో, అంటే లీగ్‌లోని తన విభాగంలో, మొదటి స్థానంలో నిలిచి, మూడుసార్లూ వరల్డ్ సిరీస్‌కు ఒక్క మెట్టు కింద ఆగిపోయింది. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఆ మూడోసారి దగ్గర, 1992 అక్టోబర్ 14 రాత్రి అట్లాంటాలో జరిగిన, సెమీఫైనల్ లాంటి ఏడు ఆటల సిరీస్‌లోని ఏడో ఆటలో మొదలవుతుంది. ఇక్కడి పెద్దవాళ్లు ఆ చివరి ఇన్నింగ్స్‌ను బంతి బంతికీ చెప్పగలరు.

బేస్‌బాల్‌లో బ్యాటర్ హోమ్ ప్లేట్ దగ్గర బయల్దేరి మూడు బేసులూ చుట్టి తిరిగి అక్కడికే, అంటే ఇంటికి, చేరితే ఒక పరుగు. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అట్లాంటా బ్యాటింగ్ చేసే చివరి సగం మొదలయ్యేసరికి పైరేట్స్ 2-0 ఆధిక్యంలో ఉన్నారు, ఇంక మూడు ఔట్లు తీస్తే చాలు. పైరేట్స్ పిచర్, అంటే బంతి వేసేవాడు, డగ్ డ్రేబెక్ వేసిన బంతిని మొదటి బ్యాటర్ రెండు బేసుల దెబ్బ కొట్టాడు. తర్వాతి బ్యాటర్ కొట్టిన బంతి నేల మీద దొర్లుకుంటూ రెండో బేస్ దగ్గరున్న హొసే లిండ్ వైపు వెళ్లింది. ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్ పురస్కారం అదే ఏడాది అందుకున్న లిండ్ చేతుల్లోంచి ఆ బంతి జారిపోయింది. ఆ తర్వాత అట్లాంటా బ్యాటర్ సిడ్ బ్రీమ్ నాలుగు చెడ్డ బంతులకు నడిచి మొదటి బేస్ చేరాడు. డ్రేబెక్ స్థానంలో స్టాన్ బెలిండా వచ్చాడు, ఒక పరుగు ఇచ్చి రెండు ఔట్లు తీశాడు. బేసులు మూడూ నిండి ఉండగా, ఆ సీజన్ మొత్తంలో పట్టుమని పదిసార్లు బ్యాటు పట్టిన ఫ్రాన్సిస్కో కబ్రేరాను అట్లాంటా పంపింది. అతను ఎడమవైపు కొట్టిన బంతికి ఒకరు సులువుగా ఇంటికి చేరి ఆట సమం చేశారు. వెనక రెండో బేస్ నుంచి బ్రీమ్ పరుగెత్తుకొస్తున్నాడు. మోకాళ్లకు ఎన్నో శస్త్రచికిత్సలైన బ్రీమ్ ఆ రోజు మైదానంలో అందరికంటే నెమ్మదిగా పరిగెత్తే మనుషుల్లో ఒకడు, పైగా అంతకుముందు ఐదారేళ్లు పైరేట్స్ తరఫునే ఆడినవాడు. ఎడమవైపు నుంచి పైరేట్స్ ఫీల్డర్ బ్యారీ బాండ్స్ విసిరిన బంతి హోమ్ ప్లేట్‌కు కాస్త పక్కకు వచ్చింది. వికెట్ కీపర్ లాంటి క్యాచర్ దాన్ని అందుకుని ఒంటిని సాచి బ్రీమ్‌కు తాకించేలోపే అతని కాలు ప్లేట్‌కు తగిలింది. 3-2తో ఓటమి. ఆ చలికాలంలోనే బాండ్స్ శాన్‌ఫ్రాన్సిస్కోకు, డ్రేబెక్ హ్యూస్టన్‌కు వెళ్లిపోయారు. బ్రీమ్ మాత్రం ఆట విరమించాక పిట్స్‌బర్గ్ పరిసరాల్లోనే స్థిరపడ్డాడు, ఊరివాళ్లు ఆయనను మన్నించి మనిషిగా అభిమానించారు కూడా. ఈ ఊరి స్వభావం గురించి నాకు నచ్చిన సంగతుల్లో ఇది మొదటిది.

1993 నుంచి 2012 వరకు వరసగా ఇరవై సీజన్లు జట్టు గెలుపుల కంటే ఓటములు ఎక్కువ మూటగట్టుకుంది. అంతకు ముందు ఫిలడెల్ఫియా పేరిట 1933 నుంచి 1948 దాకా ఉన్న పదహారు సీజన్ల రికార్డును 2009లో దాటేసింది. ఆ ఇరవై ఏళ్లలో నవ్వు తెప్పించిన ఘట్టాలకు కొదవ లేదు. 2001 జూన్‌లో అంపైర్ తనను బయటకు పంపినందుకు మేనేజర్ లాయిడ్ మెక్లెండన్ మొదటి బేస్‌ను నేలలోంచి ఊడబెరికి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. సిబ్బంది కొత్త బేస్ తెచ్చి బిగించాక సాగిన ఆ ఆటలో పైరేట్స్ గెలిచారు. 2003లో మిల్వాకీలో సాసేజ్ వేషాలు వేసుకుని పరుగుపందెం ఆడుతున్నవాళ్లలో ఒకరిని మన ర్యాండల్ సైమన్ సరదాకి బ్యాటుతో తట్టబోతే ఆ వేషధారి బోర్లాపడింది, సైమన్‌కు జరిమానా పడింది. 

నవ్వు రాని ఘట్టాలూ ఉన్నాయి. 2011 జులై 26న, మొదటి స్థానం కోసం నిజంగా పోటీపడుతున్న రోజుల్లో, మళ్లీ అట్లాంటాలోనే ఆట పందొమ్మిది ఇన్నింగ్స్‌ల దాకా, ఆరున్నర గంటలకు పైగా సాగింది. చివర్లో ఇంటికి పరుగెత్తుకొస్తున్న అట్లాంటా ఆటగాడికి హోమ్ ప్లేట్‌కు చాలా ముందే క్యాచర్ బంతి తాకించినా అంపైర్ సేఫ్, అంటే ఔట్ కాదు, అన్నాడు, ఆట ముగిసింది. అది తప్పుడు తీర్పులా కనిపిస్తోందని లీగ్ మర్నాడు ఒప్పుకుంది గాని ఫలితం మారలేదు, జట్టు ఆ తర్వాత కుప్పకూలి 90 ఓటములతో ముగించింది. మరుసటి ఏడాది ఆగస్టు మొదట్లో 63 గెలుపులు, 47 ఓటములతో ఉన్న జట్టు చివరకు 79-83 దగ్గర ఆగింది. వంద ఓటములు చూసిన సంవత్సరాల కంటే ఈ రెండే ఎక్కువ నొప్పి పెట్టాయి.

అంత ఎదురుచూపు తర్వాత వచ్చినందువల్లే 2013 అక్టోబర్ 1 రాత్రికి అంత విలువ. 94 గెలుపులతో నాకౌట్ ఆటకు అర్హత పొందిన జట్టు, 21 ఏళ్ల తర్వాత మొదటిసారి పోస్ట్ సీజన్ (సీజన్ ముగిశాక జరిగే నాకౌట్ దశ) ఆట సొంత మైదానంలో ఆడింది. నలభై వేల మంది నల్ల చొక్కాలతో నిండిన పీఎన్‌సీ పార్క్‌లో సిన్సినాటి పిచర్ జానీ క్వేటో పేరును జనమంతా సాగదీసి, రాగం తీసి పిలవసాగారు. ఆ హోరులో అతని చేతిలోని బంతి జారి మట్టి దిబ్బ మీంచి కిందికి దొర్లింది. నవ్వులు ఆగకముందే అతను వేసిన తర్వాతి బంతిని రసెల్ మార్టిన్ ఎడమవైపు గ్యాలరీలోకి కొట్టాడు. ఒక జనసమూహం తన గొంతుతో ఆటలో చెయ్యి పెట్టడం నేను మరెప్పుడూ అంత స్పష్టంగా చూడలేదు. 6-2తో గెలిచారు. 2014లోనూ 2015లోనూ మళ్లీ అదే నాకౌట్ ఆటకు చేరి, రెండుసార్లూ ఒక్క పరుగు కూడా చెయ్యకుండా ఇంటికి వచ్చారు. 2016 నుంచి 2025 దాకా చూస్తే 2018 ఒక్క సీజన్లోనే, అదీ 82-79 లెక్కతో, గెలుపులు ఓటములను మించాయి.

ఇంత ఓడినా జనం ఎలా నవ్వుతారని అడిగారు కదా, 2021 మే 27న సొంత మైదానంలో షికాగో కబ్స్‌తో జరిగిన ఆటలోని ఒక్క బంతి చెబుతాను. ఇద్దరు ఔటయ్యారు, రెండో బేస్ మీద కబ్స్ ఆటగాడు కొంట్రేరస్ ఉన్నాడు. కబ్స్ బ్యాటర్ హావియెర్ బాయెజ్ కొట్టిన బంతి మూడో బేస్ వైపు దొర్లింది, అక్కడి ఫీల్డర్ దాన్ని మొదటి బేస్ దగ్గరున్న విల్ క్రెయిగ్‌కు విసిరాడు. విసురు కాస్త పక్కకు వచ్చి క్రెయిగ్ బేస్ వదిలి ముందుకు అడుగేశాడు, అంతే. బంతి అతని చేతిలోనే ఉంది. వెనక్కి తిరిగి బేస్ తొక్కితే మూడో ఔట్, ఇన్నింగ్స్ అక్కడితో సరి. కాని ఎదురుగా వస్తున్న బాయెజ్ ఆగి, వెనక్కి తిరిగి, తాను బయల్దేరిన హోమ్ ప్లేట్ వైపే పరుగు తీశాడు. క్రెయిగ్ అతని వెంటపడ్డాడు. గ్యాలరీలో ఉన్నవాళ్లంతా బేస్ తొక్కవయ్యా అని మొత్తుకుంటున్నారు. ఈలోగా కొంట్రేరస్ మూడో బేస్ దాటి ఇంటికి దూసుకొచ్చాడు, క్రెయిగ్ కంగారుగా క్యాచర్‌కు బంతి అందించేసరికి జారుకుంటూ ప్లేట్ చేరాడు. పక్కనే నిలబడిన బాయెజ్ అంపైర్ కంటే ముందు తానే చేతులు చాచి సేఫ్ అని చూపించి, అప్పుడు గుర్తొచ్చినట్టు మొదటి బేస్‌కు పరుగందుకున్నాడు. నిబంధన ప్రకారం అప్పటికైనా అతన్ని మొదటి బేస్ దగ్గర ఔట్ చేస్తే ఆ పరుగు చెల్లదు. కాని అక్కడ సమయానికి ఎవరూ లేరు, క్యాచర్ విసిరిన బంతి అవతలికి పోయింది, బాయెజ్ తీరిగ్గా రెండో బేస్ చేరాడు.

క్రెయిగ్ చేతకానివాడు కాడు. 2019లో మేజర్ లీగ్ కింద ఉండే చిన్న లీగులన్నిటిలోకీ మొదటి బేస్ స్థానంలో ఉత్తమ ఫీల్డర్‌గా గోల్డ్ గ్లవ్ అందుకున్న ఆటగాడు. చిన్నప్పటి నుంచి వేలసార్లు తొక్కిన బేస్‌ను ఒక్క క్షణం మరిచిపోయేలా చెయ్యగల శక్తి ఈ ఆటలో ఉంది, ఆ శక్తిని అంత దగ్గరగా చూడటం నాకు ఆనందమే. ఆ రోజు మైదానంలో వినిపించిన నవ్వులో ద్వేషం లేదు. మరుసటి ఏడాది మే 15న ఇదే మైదానంలో సిన్సినాటి పిచర్లు పైరేట్స్‌కు ఒక్క హిట్ (బ్యాటర్‌ను బేస్‌కు చేర్చే దెబ్బ) కూడా ఇవ్వలేదు. అయినా ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ముగ్గురు నడిచి బేసులు నింపగా, నేల మీద దొర్లిన ఒక మామూలు బంతికి పరుగు వచ్చి పైరేట్స్ 1-0తో గెలిచారు. ఒక్క హిట్ లేకుండా గెలవడం గొప్ప జట్ల అభిమానులకు కూడా దొరకని భాగ్యం. ఇవన్నీ మనసారా నవ్వుకోండి, పిల్లలకు చెప్పండి.

కోపం సంగతి వేరు, దానికి ఆధారాలున్నాయి. ఐపీఎల్‌లో అన్ని జట్లకూ ఆటగాళ్ల మీద ఖర్చుపెట్టే మొత్తం ఒకటే. మేజర్ లీగ్‌లో అలాంటి గరిష్ఠ పరిమితి లేదు. ఒక హద్దు దాటితే పన్ను కట్టాలి, ధనిక జట్లు కడతాయి. టీవీ ఆదాయం తక్కువున్న చిన్న ఊళ్ల జట్లకు పెద్ద జట్ల రాబడిలోంచి కొంత వాటా వస్తుంది. ఆ వాటాను జట్టు మీద పెట్టాలన్నది ఉద్దేశం. 2010లో జట్టు లోపలి ఆర్థిక పత్రాలు బయటపడినప్పుడు, 2007, 2008 సీజన్లలో ఓడుతూనే దాదాపు 2.9 కోట్ల డాలర్ల లాభం చూసినట్టు తేలింది. 2018లో ఆటగాళ్ల సంఘం, ఆ వాటా సొమ్మును సరిగ్గా వినియోగించడం లేదంటూ నాలుగు జట్ల మీద ఫిర్యాదు వేసింది. వాటిలో పైరేట్స్ ఒకటి.

ఆటగాళ్ల అమ్మకాలు చూడండి. లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు నిండాక ఆటగాడికి నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ వస్తుంది. ఆ గడువు దగ్గరపడేసరికి పైరేట్స్ అమ్మకానికి పెడతారు. 2003లో పాతికేళ్ల అరామిస్ రామిరెజ్‌ను జీతం భారం దించుకోవడానికి కబ్స్‌కు ఇచ్చేశారు, ఆయన ఆ తర్వాత పుష్కర కాలం ఆడారు. 2018 జనవరిలో, రోజుల తేడాతో, 2011లో కొత్త ఆటగాళ్ల ఎంపికలో అందరికంటే ముందుగా తెచ్చుకున్న గెరిట్ కోల్‌ను హ్యూస్టన్‌కు, 2013లో లీగ్ ఉత్తమ ఆటగాడైన ఆండ్రూ మెక్‌కచెన్‌ను శాన్‌ఫ్రాన్సిస్కోకు పంపారు. అదే ఏడాది జులైలో క్రిస్ ఆర్చర్ అనే ఒక్క పిచర్ కోసం టైలర్ గ్లాస్‌నౌ, ఆస్టిన్ మెడోస్, షేన్ బాజ్ ముగ్గుర్నీ టాంపా బేకి ఇచ్చారు. ఆర్చర్ ఇక్కడ రాణించలేదు, ఇచ్చినవాళ్లు అక్కడ రాణించారు.

చిన్న ఊరు కాబట్టి ఇంతే అనే వాదనను నేను ఒప్పుకోను. చుట్టుపక్కల ప్రాంతంతో కలిపి చూస్తే పిట్స్‌బర్గ్ కంటే చిన్నదైన మిల్వాకీ 2025లో 97 గెలుపులతో మొత్తం లీగ్‌లోనే మొదటి స్థానంలో నిలిచింది. తక్కువ ఖర్చుకు పేరుపడ్డ టాంపా బే రెండుసార్లు, 2008లోనూ 2020లోనూ, వరల్డ్ సిరీస్ ఆడింది. వాళ్లకు చేతనైనది మనకు కాకపోవడానికి కారణం ఆటగాళ్లను ఎంచుకోవడంలో, తీర్చిదిద్దడంలో, సరైన సమయానికి నాలుగు డబ్బులు బయటకు తియ్యడంలో ఉంది. 2007 నుంచి ప్రధాన యజమానిగా ఉన్న బాబ్ నటింగ్‌ను ఉద్దేశించి జనం జట్టును అమ్మెయ్యమని నినాదాలు చెయ్యడం మీరూ వినే ఉంటారు. 2025లో సొంత మైదానంలో మొదటి ఆట నాడు ఆ మాట రాసిన బ్యానర్‌ను విమానానికి కట్టి ఆకాశంలో తిప్పారు. అదే ఏప్రిల్‌లో కుడివైపు గోడ మీద పైరేట్స్ మేటి ఆటగాడు రాబర్టో క్లెమెంటె గుర్తుగా ఉన్న 21 అంకెను తీసి ఒక పానీయం ప్రకటన పెట్టారు. భూకంప బాధితులకు సహాయ సామగ్రి తీసుకెళ్తూ 1972 డిసెంబర్ 31న విమాన ప్రమాదంలో మరణించిన మనిషి ఆయన. ఆ గోడ ఎత్తును కూడా ఆయన చొక్కా సంఖ్యను బట్టే 21 అడుగులుగా కట్టారు. ఆయన కుటుంబం, ఊరు అభ్యంతరం చెప్పాక గుర్తును తిరిగి పెట్టారు. చూశారా, కోపం సరైన చోటికి గురిపెడితే పని జరుగుతుంది.

ఇక యాంకీస్ సంగతి. మారడం పాపమేమీ కాదు, మీకు నచ్చితే చూడండి. ఆ సహోద్యోగికి 1960 వరల్డ్ సిరీస్ గురించి మాత్రం చెప్పండి. ఏడు ఆటల్లో యాంకీస్ 55 పరుగులు, పైరేట్స్ 27 పరుగులు చేశారు. యాంకీస్ గెలిచిన మూడు ఆటల్లో 16-3, 10-0, 12-0 అంటూ చితక్కొట్టారు. అక్టోబర్ 13న ఏడో ఆట తొమ్మిదో ఇన్నింగ్స్‌లో బిల్ మాజెరోస్కీ హోమ్ రన్‌తో (సిక్సర్ లాంటి దెబ్బ) 10-9కి గెలిచి, కప్పు పైరేట్స్ తీసుకున్నారు. అప్పటి ఫోర్బ్స్ ఫీల్డ్ గోడ కొంత ఇప్పటికీ ఓక్లండ్ ప్రాంతంలో విశ్వవిద్యాలయం పక్కన నిలబడి ఉంది, ఏటా అక్టోబర్ 13న అభిమానులు అక్కడ చేరి ఆనాటి రేడియో వ్యాఖ్యానాన్ని మొదటి నుంచి చివరి దాకా వింటారు. మన దేశానికీ ఈ జట్టుతో నిజమైన బంధం ఒకటుంది. అంతకుముందు బేస్‌బాల్ ఎరగని రింకూ సింగ్ (క్రికెటర్ రింకూ కాదు), దినేశ్ పటేల్ అనే ఇద్దరు ఉత్తరప్రదేశ్ కుర్రాళ్లతో 2008లో ఒప్పందం చేసుకుని పిచర్లుగా తీసుకున్నది పైరేట్సే. వాళ్లు చిన్న లీగులు దాటలేదు, అయినా అమెరికా మేజర్ లీగ్ జట్టుతో ఒప్పందం చేసుకున్న మొదటి భారతీయులు వాళ్లే.

ఇప్పుడు మీరు ఉండిపోవడానికి అన్నిటికంటే పెద్ద కారణం మన పిచర్ పాల్ స్కీన్స్. 2025లో తొమ్మిది ఇన్నింగ్స్‌లకు సగటున రెండు పరుగులు కూడా ఇవ్వకుండా, 1.97 లెక్కతో, ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ పురస్కారాన్ని ఏకగ్రీవంగా గెలిచారు. అంత బాగా వేసినా ఆయన ఖాతాలో పది గెలుపులు, పది ఓటములు ఉన్నాయి, ఎందుకంటే ఆయన వేసిన రోజుల్లో మనవాళ్లు పరుగులు చెయ్యలేకపోయారు. మైదానం మీద ప్రేమ, కార్యాలయం మీద కోపం రెండూ ఆ ఒక్క అంకెలో ఉన్నాయి. ఆయనకు జట్టు మారే స్వేచ్ఛ 2029 సీజన్ ముగిశాక వస్తుంది. ఈలోగా అమ్మెయ్యకుండా ఉంటే, ప్రతి ఐదారు రోజులకొకసారి ఆయన బంతి పడుతుంది. ఏ రోజు ఎవరు వేస్తారో జట్టు ముందే ప్రకటిస్తుంది. ఆయన రోజులకు టికెట్లు ముందుగా కొనుక్కోండి, మిగతా రోజులకు ఆట మొదలయ్యే వేళకు వెళ్లినా దొరుకుతాయి.